బిడ్డ జబ్బు గురించి ఆన్‌లైన్‌లో రాయాలంటే

ముందే చెప్పేస్తాను: పిల్లల ఆరోగ్యం గురించి ఎక్కడా నోరు విప్పొద్దని చెప్పడానికి నేనిది రాయడం లేదు. మా అమ్మాయికి జబ్బు బయటపడిన మొదటి వారం డాక్టరు చెప్పింది సగం బుర్రకెక్కలేదు. ఇంటికొచ్చాక, ముక్కూ మొహం తెలియని ఒక తల్లి ఎప్పుడో రాసుకున్న నాలుగు పేజీలు దొరికాయి. అవి చదివాకే కాస్త ఊపిరి తీసుకున్నాను. అలాంటివాళ్ళు రాయకపోతే నాలాంటివాళ్ళ గతేంటి?

ఆ అప్పు తీర్చుకుందామనే నేనూ రాయడం మొదలుపెట్టాను. కాకపోతే అడ్డూ అదుపూ లేకుండా రాశాను. పాప పేరు, ఫొటో, ఆసుపత్రిలో ఒక రాత్రి జరిగిన సంగతి, అన్నీ పెట్టేశాను. ఆ సంగతి పదిమందికి తెలియాలని ఏ పిల్లా కోరుకోదు. ఐదేళ్ళ తర్వాత తన క్లాసులో ఎవరో దాన్ని వెతికి పట్టుకున్నారు. ఆ సాయంత్రం తను నన్ను ఒక్కటే అడిగింది: "అది నా గురించి కదా, నన్నెందుకు అడగలేదు?" అప్పుడు నీకు ఆరేళ్ళే కదా అనబోయి ఆగిపోయాను. ఆరేళ్ళ పిల్లనైనా అడగొచ్చు. నాకు ఆ ఆలోచనే రాలేదు.

ఆ తర్వాత నేర్చుకుని, ఇప్పుడు నేను పాటిస్తున్న పద్ధతి ఇది. జబ్బు పేరు మాత్రం చెప్పను. ఈ వ్యాసం తను చదివి, రెండు వాక్యాలు కొట్టేసి, సరేనన్నాకే మీ ముందుకొచ్చింది.

1. అసలు మీకేం కావాలో తేల్చుకోండి

పోస్టు రాయాలనిపించినప్పుడు ఒక్క నిమిషం ఆగి, ఎందుకు రాస్తున్నానని అడగండి. సమాచారం కావాలా? గోడు వెళ్ళబోసుకోవాలా? బంధువులందరికీ ఒకేసారి కబురు చెప్పాలా? డబ్బు సాయం కావాలా? నాలాగా ఇంకొకరికి దారి చూపాలా?

ఒక్కోదానికీ ఒక్కో చోటు ఉంది. సమాచారం అడగడానికి బిడ్డ పేరూ అక్కర్లేదు, ఫొటో కూడా అక్కర్లేదు. బంధువులకు కబురంటే పదిమంది ఉన్న గ్రూపులో రెండు లైన్లు చాలు. గోడైతే ఫోన్‌లో ఒక్క స్నేహితురాలు వింటే చాలు. అర్ధరాత్రి రెండింటికి ఏడుస్తూ టైప్ చేసిన పోస్టు పొద్దున్నకు మనకే పరాయిదిగా కనిపిస్తుంది. అన్ని పనులూ ఒకే పబ్లిక్ పోస్టుతో కానిచ్చేద్దామనుకుంటేనే చిక్కు.

2. ఏది మీ కథో, ఏది బిడ్డ కథో విడదీయండి

మిగతావన్నీ మరిచిపోయినా ఇదొక్కటి గుర్తుంచుకోండి. ఒక కాగితం మీద నిలువుగా గీత గీయండి. ఎడమవైపు మీకు జరిగినవి: భయం, నిద్రలేమి, ఉద్యోగంలో సెలవుల తంటా, డాక్టరును ఏం అడగాలో తెలియకపోవడం, ఇంట్లో ఇద్దరి మధ్య గొడవలు. కుడివైపు బిడ్డ ఒంటికి, మనసుకు జరిగినవి: లక్షణాలు, పరీక్షల ఫలితాలు, ఏడుపులు, మందుల వల్ల వచ్చిన ఇబ్బందులు, తను మీతో రహస్యంగా చెప్పిన మాటలు.

ఎడమవైపుది మీ సొత్తు. నిస్సంకోచంగా రాయండి. కుడివైపుది మీరు బిడ్డ తరఫున దాస్తున్న సొత్తు. దాంట్లోంచి ఏం తీసినా లెక్క చెప్పాలి.

ఒక ఉదాహరణ చూడండి. "మా బాబు ఇంజెక్షన్ చూడగానే గుక్కపట్టి ఏడ్చి, నర్సు చెయ్యి కొరికేశాడు" అన్నది బిడ్డ కథ. చదివినవాళ్ళు నవ్వుకుంటారు లేదా అయ్యో అంటారు, అంతే. అదే రోజును ఇలా కూడా చెప్పొచ్చు: "ఇంజెక్షన్ టైమ్‌కి నా చేతులే వణికేవి. నా కంగారు చూసి బిడ్డ ఇంకా భయపడుతోందని ఆలస్యంగా తెలిసింది. తర్వాత నుంచి గది బయట రెండు నిమిషాలు నిలబడి, కుదుటపడ్డాకే లోపలికి వెళ్ళేదాన్ని. ఏ చేతికి వేయించుకోవాలో బిడ్డనే ఎంచుకోమన్నాం." ఇందులో బాబో పాపో కూడా తెలియదు. అయినా ఇంకో తల్లికి పనికొచ్చేది ఇదే. నా అనుభవంలో దాదాపు ప్రతిసారీ ఇంతే: బిడ్డ గుట్టు తీసేస్తే రాత పలచబడదు, చిక్కబడుతుంది.

కొన్ని మాత్రం ఎంత మంచి ఉద్దేశంతోనైనా బిడ్డ పేరుకు అంటుకునేలా రాయకండి. పక్క తడపడం, మలమూత్రాల సంగతులు, మర్మాంగాల సమస్యలు, వయసుకొచ్చే మార్పులు, మానసిక సమస్యలు, తనను తాను గాయపరచుకోవడం, తనపై జరిగిన ఏ రకమైన వేధింపైనా. వీటి గురించి సలహా కావాలంటే డాక్టరు, కౌన్సెలర్ ఉన్నారు. తోటి తల్లిదండ్రులనే అడగాలనుకుంటే పేరు లేని ఖాతా నుంచి అడగండి.

జన్యుపరమైన జబ్బుల్లో ఇంకో మెలిక ఉంది. ఒకరి సంగతి చెప్తే ఇంటిల్లిపాది సంగతీ చెప్పినట్టవుతుంది. థలసీమియా మేజర్ అనే రక్తపు జబ్బు రావాలంటే లోపమున్న జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా రావాలి. కాబట్టి బిడ్డకు ఆ జబ్బుందని రాస్తే, సాధారణంగా అమ్మానాన్నలిద్దరూ క్యారియర్లేనని, అంటే జబ్బు లేకున్నా ఆ జన్యువును మోస్తున్నవాళ్ళేనని చెప్పినట్టే. జబ్బు లేని తోబుట్టువు కూడా క్యారియర్ అయ్యే అవకాశం మూడింట రెండొంతులని తెలిసినవాళ్ళు ఇట్టే లెక్కేస్తారు. ఆ తోబుట్టువును మీరు అడిగారా?

తల్లి తన జబ్బు గురించే రాసుకున్నా ఇదే చిక్కు. మెదడును దెబ్బతీసే హంటింగ్టన్స్ వ్యాధి ఉన్నవారి పిల్లల్లో ఒక్కొక్కరికీ అది సంక్రమించే అవకాశం సగానికి సగం. పెద్దయ్యాక బయటపడే ఇలాంటి జబ్బులకు, లక్షణాలు లేని పిల్లలకు సాధారణంగా జన్యు పరీక్ష చేయరు. తెలుసుకోవాలో వద్దో పెద్దయ్యాక వాళ్ళే నిర్ణయించుకోవాలన్నది దాని వెనక ఆలోచన. మనం పేరుతో రాసిన పోస్టు ఆ నిర్ణయాన్ని కొంత ముందే లాగేసుకుంటుంది. అమెరికాలో 2008లో వచ్చిన జన్యు వివక్ష నిరోధక చట్టం కూడా ఆరోగ్య బీమాకు, ఉద్యోగాలకే పరిమితం. జీవిత బీమాకు వర్తించదు.

3. బిడ్డను అడగండి, జవాబు వినండి

1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణం, తనకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు బిడ్డకుందనీ, వయసును, పరిణతిని బట్టి దానికి విలువివ్వాలనీ అంటుంది. 16వ అధికరణం బిడ్డ గోప్యత గురించి. ఇంట్లో వీటిని అమలు చేయడానికి లాయరు అక్కర్లేదు, అడిగే తీరు తెలిస్తే చాలు.

"నీ గురించి రాయనా?" అని అడగకండి. చిన్నపిల్లలు అమ్మ మొహం చూసి ఊ అంటారు. రాసినది రాసినట్టు చదివి వినిపించండి. పెట్టబోయే ఫొటో చూపించండి. తర్వాత ఇలా అడగండి: "ఇది మీ టీచర్ చదివితే నీకెలా ఉంటుంది? నీతో పడని ఆ పిల్లాడు చదివితే?" అప్పుడు నిజమైన జవాబు వస్తుంది. మా అమ్మాయి ఒకసారి పోస్టంతా ఒప్పుకుని ఒక్క మాట తీసేయమంది. నాకు ఆ మాటలో తప్పేం కనిపించలేదు. తీసేశాను. ఎందుకని అడగలేదు.

ఇంకో సంగతి. మన భాషలో "నీ ఇష్టం" అనే జవాబు ఒకటుంది. పెద్దవాళ్ళ నోట అది ఎలా వస్తుందో, పిల్లల నోటా అలాగే వస్తుంది. "నీ ఇష్టం" అంటే వద్దు అని లెక్కేసుకోండి. "సరేలే" అన్నా అంతే.

ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు, నొప్పిలో ఉన్నప్పుడు, మీరు ఏడుస్తున్నప్పుడు అడగకండి. అప్పుడిచ్చే ఒప్పుకోలుకు విలువ లేదు. కౌమారంలోకి వచ్చినవాళ్ళు వద్దంటే వద్దే, కారణం చెప్పక్కర్లేదు. ఒకసారి ఒప్పుకున్నవాళ్ళు తర్వాత మాట మార్చుకోవచ్చు కూడా, ఆ సంగతి వాళ్ళకు ముందే చెప్పండి.

మాటలు రాని పసిబిడ్డ, లేదా జవాబు చెప్పలేని స్థితిలో ఉన్న బిడ్డ అయితే? ఆ మంచం మీద మీరున్నారనుకోండి. మీ అత్తగారు మీ ఫొటో తీసి, మీ గురించి సరిగ్గా ఈ మాటలే రాసి, తనకు తెలిసినవాళ్ళందరికీ పంపారనుకోండి. ఎలా ఉంటుంది? ఒళ్ళు మండితే ఆ పోస్టు వద్దు.

4. గుర్తులు చెరపండి, వైద్యాన్ని మార్చకండి

పేరు తీసేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. లతన్యా స్వీనీ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 2000లో ఒక లెక్క తేల్చారు: 1990 జనాభా లెక్కల ఆధారంగా, పుట్టినతేదీ, ఆడా మగా, ఐదంకెల పోస్టల్ కోడ్, ఈ మూడు తెలిస్తే చాలు, అమెరికా జనాభాలో 87 శాతం మందిని విడిగా గుర్తుపట్టే అవకాశం ఉందని. మనం పుట్టినరోజు పోస్టు ఒకచోట, ఊరు ఇంకోచోట, జబ్బు మరోచోట పెడతాం. కలుపుకునేవాళ్ళకు అవన్నీ ఒకటే. జబ్బు అరుదైనదైతే మరీ సులువు. యూరప్‌లో రెండు వేల మందిలో ఒకరికి మించి రాని జబ్బును అరుదైనదిగా లెక్కేస్తారు. అలాంటి జబ్బు పేరు, ఊరు పేరు పక్కపక్కన పెడితే బిడ్డ పేరు రాసినట్టే.

కాబట్టి ఊరు, ఆసుపత్రి, స్కూలు, డాక్టరు పేరు, పుట్టినతేదీ, చేరిన తేదీ తీసేయండి. "ఆరేళ్ళ నాలుగు నెలల పాప" బదులు "ప్రైమరీ స్కూలు వయసు బిడ్డ" అనండి. ఆడా మగా చెప్పనక్కర్లేకపోతే చెప్పకండి. ఇంకోటి, మీ సొంత పేరుతో రాస్తే బిడ్డ పేరు దాచినా దాచినట్టు కాదు. వేరే పేరుతో ఖాతా పెట్టుకున్నా, పాత యూజర్ నేమ్‌నే మళ్ళీ వాడితే అంతే సంగతులు.

కానీ ఒక్క జాగ్రత్త. గుర్తులు మార్చే ఊపులో వైద్య విషయాలు మార్చకండి. ఒక లక్షణం ముందు వచ్చిందా తర్వాత వచ్చిందా, మందు ఎన్నాళ్ళకు పనిచేసింది, ఏ దుష్ఫలితం వచ్చింది, ఇవి మార్చి రాస్తే చదివే ఇంకో తల్లి తన బిడ్డ విషయంలో పొరబడుతుంది. చెప్పకూడదనుకుంటే వదిలేయండి, కల్పించకండి. డోసులు ఎలాగూ రాయొద్దు. పిల్లల మందులు చాలావరకు బరువును బట్టి ఇస్తారు, ఒకరి కొలత ఇంకొకరికి కుదరదు.

ఇక ఫొటోలు. ఫొటో ఫైల్‌లో, లొకేషన్ ఆన్‌లో ఉంటే, తీసిన చోటు కూడా దాగి ఉంటుంది. పెద్ద సోషల్ మీడియా యాప్‌లు చాలావరకు దాన్ని తీసేస్తాయి కానీ, మెయిల్‌లో పంపినా, వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపినా అలాగే వెళ్ళిపోతుంది. కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపేయడం తేలిక. కంటికి కనిపించే గుర్తులు ఇంకా ఎక్కువ: చేతికి కట్టిన ఆసుపత్రి పట్టీ, మంచం దగ్గరి చార్టు, యూనిఫామ్ మీద స్కూలు పేరు, కిటికీలోంచి కనిపించే బోర్డు. రిపోర్టు మీద పేరు కొట్టేసినా మూలన క్యూఆర్ కోడ్ ఉంటే, స్కాన్ చేసినవాళ్ళకు రిపోర్టంతా తెరుచుకోవచ్చు. రిపోర్టుల్ని ఫొటో తీసి పెట్టకపోవడమే మేలు. కావాల్సిన రెండు అంకెలు టైప్ చేయండి.

తప్పనిసరై పెడితే, పేరు మీద హైలైటర్ లాంటి పలచటి నల్లరంగు పూయకండి. ఫొటో వెలుతురు పెంచితే కింది అక్షరాలు బయటపడతాయి. ముద్దగా నల్ల పెట్టె పెట్టి, ఆ తర్వాత దాన్ని మళ్ళీ స్క్రీన్‌షాట్ తీసి, ఆ స్క్రీన్‌షాట్‌ను వాడండి. ఇదేం చాదస్తం అనుకోకండి. 2023లో గూగుల్ పిక్సెల్ ఫోన్లలో ఒక లోపం బయటపడింది: ఫోన్‌లోనే కత్తిరించిన స్క్రీన్‌షాట్లలో, తీసేశామనుకున్న భాగాన్ని కొంతవరకు వెనక్కి తేగలిగారు. తర్వాత దాన్ని సరిచేశారనుకోండి, అప్పటికే పంపినవి మాత్రం పంపినట్టే ఉన్నాయి.

మొహం కనిపించకుండా చెయ్యి, బొమ్మ, కిటికీ దగ్గర వీపు, ఇలాంటి ఫొటో ఒక్కటి చాలు. ఏడుస్తున్న బిడ్డ ఫొటో, బట్టలు లేని ఫొటో, ట్యూబులతో ఉన్న ఫొటో ఏ గ్రూపులోనూ వద్దు.

5. చోటు, సమయం

పెదవి దాటితే పృథివి దాటుతుందని సామెత. ప్రైవేటు గ్రూపంటే తలుపున్న గది అనుకుంటాం కానీ, ఆ గదిలో ప్రతి ఒక్కరి చేతిలోనూ స్క్రీన్‌షాట్ తీసే ఫోనుంది. వేలమంది ఉన్న "క్లోజ్డ్" గ్రూపును బజారుగానే లెక్కేసి రాయండి. నిజంగా నమ్మకమైన చోటంటే ఒకరినొకరు ఎరిగిన పది, పదిహేను మంది.

సమయం విషయంలో నాకున్న నియమం ఒకటే: జరుగుతున్నప్పుడు రాసుకుంటాను, జరిగిపోయాక పెడతాను. కనీసం కొన్ని వారాలైనా ఆగుతాను. దానివల్ల బిడ్డ ఇప్పుడు ఏ ఆసుపత్రిలో ఉందో ఎవరికీ తెలియదు. రాసినదాంట్లో సగం అక్కర్లేదని మనకే అర్థమవుతుంది కూడా.

6. డబ్బు సాయం అడగాల్సి వస్తే

ఇక్కడ నీతులు చెప్పే హక్కు ఎవరికీ లేదు. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఫొటో లేకుండా విరాళాలు రావడం కష్టమే. అయినా కొంత చేయొచ్చు. రుజువు కాగితాలు విరాళాల వేదిక వాళ్ళకు విడిగా పంపండి, పబ్లిక్ పేజీలో పెట్టకండి. ఫొటో పెడితే బిడ్డ పెద్దయ్యాక చూసి సిగ్గుపడనిది ఎంచుకోండి. జబ్బు గురించి సాయానికి అవసరమైనంతే చెప్పండి. అవసరం తీరగానే పేజీ మూయించి, ఫొటోలు తీయించండి. పేజీని ఫార్వర్డ్ చేసేవాళ్ళను లింకు మాత్రమే పంపమనండి. ఫొటోను విడిగా పంపితే పేజీ మూతపడ్డా అది తిరుగుతూనే ఉంటుంది.

7. ఇంట్లోవాళ్ళతో ఒక మాట అనుకోండి

మీరు ఎంత జాగ్రత్తపడ్డా, మేనమామ స్టేటస్‌లో "మా బంగారు తల్లి ఆపరేషన్ సక్సెస్" అని మొహంతో సహా ఫొటో పెడితే అంతా వృథా. ప్రేమతోనే పెడతారు, అందుకే కోప్పడలేం. ఆసుపత్రికి వెళ్ళకముందే ఒక మెసేజ్ పెట్టండి: "పాప ఫొటోలు, వివరాలు ఎవరూ ఎక్కడా పెట్టొద్దు. ఏం చెప్పాలన్నా మేమే చెప్తాం. ఇది పాప కోరిక." ఆఖరి వాక్యం నిజమైతేనే రాయండి సుమా. భార్యాభర్తల్లో ఒకరికి ఇష్టం లేకపోతే, వద్దన్నవారి మాటే చెల్లాలి. పెట్టనిది ఎప్పుడైనా పెట్టొచ్చు.

8. పాతవి శుభ్రం చేయండి

ఇప్పటికే రాసేసినవాళ్ళు, నాలాంటివాళ్ళు, ఒక ఆదివారం దీనికి కేటాయించాలి. బిడ్డ పేరు, మీ పేరు, జబ్బు పేరు కలిపి సెర్చ్ చేయండి. లాగిన్ కాకుండా చేస్తే పరాయివాళ్ళకు ఏం కనిపిస్తుందో తెలుస్తుంది. ఫేస్‌బుక్‌లో పాత పబ్లిక్ పోస్టులన్నింటినీ ఒకేసారి స్నేహితులకు మాత్రమే కనిపించేలా మార్చే సెట్టింగ్ ఉంది. అది నొక్కాక, ఒక్కొక్కటీ చూసి తీసేయాల్సినవి తీసేయండి. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల ఫొటోలను తన సెర్చ్ ఫలితాల్లోంచి తీయమని పిల్లలో తల్లిదండ్రులో అడిగే సౌకర్యాన్ని గూగుల్ 2021లో తెచ్చింది. అయితే అది సెర్చ్‌లోంచే తీస్తుంది. ఫొటో ఉన్న సైటును మీరు విడిగా అడగాలి. యూరప్‌లో ఉన్నవారికి అక్కడి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం జీడీపీఆర్‌లోని 17వ అధికరణం కింద తీసేయమని అడిగే హక్కుంది. పాత వెబ్ పేజీల కాపీలు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత కాపీ ఉంటే వాళ్ళకూ మెయిల్ రాయొచ్చు.

అన్నీ పోవు. 2024లో హ్యూమన్ రైట్స్ వాచ్ అనే మానవ హక్కుల సంస్థ, ఏఐకి శిక్షణ ఇవ్వడానికి వాడే ఒక భారీ డేటా సంకలనంలో బ్రెజిల్, ఆస్ట్రేలియా పిల్లల ఫొటోలను గుర్తించింది. వాటిలో కొన్ని తల్లిదండ్రులూ బంధువులూ తమవాళ్ళ కోసం పెట్టుకున్నవే. అయినా క్లాసులో ఎవరో పేరు కొట్టి చూస్తే మొదటి పేజీలో కనిపించకుండా చేయడం మన చేతిలో పనే. మా అమ్మాయికి కావాల్సింది కూడా అంతే.

చట్టం చూసుకుంటుందిలే అనుకోకండి. డాక్టరు రోగి వివరాలు బయటపెట్టకూడదన్న నియమం డాక్టరుకే. భారత్‌లో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం పద్దెనిమిదేళ్ళలోపు వారి డేటాకు తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. అంటే అక్కడ అనుమతిచ్చేది మనమే. పిల్లల ఫొటోల విషయంలో అమ్మానాన్నలకూ బాధ్యత ఉందని గట్టిగా చెప్పే చట్టాన్ని ఫ్రాన్స్ 2024లో తెచ్చింది కానీ, అలాంటివి ఇంకా అరుదే.

9. రాయనివాటికి ఒక పుస్తకం పెట్టండి

కుడివైపు గళ్ళో మిగిలిపోయినవన్నీ ఉన్నాయి కదా, వాటిని పారేయకండి. ఒక నోటుబుక్కులోనో, పాస్‌వర్డ్ ఉన్న ఫైల్‌లోనో బిడ్డ కోసం రాసి ఉంచండి: ఏ తేదీన ఏం మొదలైంది, ఏ మందు పడలేదు, ఏ ఆపరేషన్ ఎప్పుడు జరిగింది, టీకాలు, డిస్చార్జ్ సమ్మరీలు, మీ కుటుంబంలో ఇంకెవరికి ఏ జబ్బుంది. పెద్దయ్యాక కొత్త డాక్టరు అడిగే మొదటి ప్రశ్నలు ఇవే, అప్పటికి మీకు కూడా తేదీలు గుర్తుండవు. మధ్యమధ్యలో మీ భయాలూ రాసుకోండి, ఎవరూ లైకులు కొట్టరు కాబట్టి నిజమే రాస్తారు. మా ఇంట్లో అలాంటిది రెండు పుస్తకాలైంది. మొదటిది మా అమ్మాయి బీరువాలో, తన బట్టల కింద ఉంది. రెండోది ఇంకా నా దగ్గరే ఉంది, తను అడిగినప్పుడు ఇస్తాను.